పాత అంగడి దస్తావేజుల కట్టను చదివే పద్ధతి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి ఊళ్లలో తరతరాలుగా వ్యాపారం చేసుకుంటున్న తెలుగు కుటుంబాలలో, ఇనప్పెట్టె అడుగునో అటక మీది భోషాణంలోనో, గుడ్డలో చుట్టిన కాగితాల కట్ట ఒకటి ఉండడం మామూలు. ఇంటి పెద్ద గతించి పంపకాల మాట వచ్చినప్పుడో, బ్యాంకు వారు పాత దస్తావేజులు చూపమన్నప్పుడో, పక్క అంగడివారు గోడ పడగొట్టి కొత్తగా కట్టుకుంటామన్నప్పుడో ఆ మూట కిందికి దిగుతుంది. విప్పి చూస్తే క్రయ దస్తావేజులు రెండో మూడో ఉంటాయి, తనఖా కాగితాలు మాత్రం అరడజనుకు తక్కువ ఉండవు. వర్తకుడికి అంగడి కూర్చునే చోటు మాత్రమే కాదు, పండుగ ముందు సరుకు దింపుకోవడానికి రొక్కం కావలసి వచ్చిన ప్రతిసారీ తాకట్టు పెట్టగలిగిన ఆస్తి కూడా కాబట్టి అలా జరుగుతుంది. కొనుగోలు ఎప్పుడు జరిగిందో కనిపెట్టడం తేలికే. తీసుకున్న ప్రతి అప్పు ఎక్కడ తీరిందో కనిపెట్టడమే అసలు పని, నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా కాగితాలను ముట్టుకునే తీరు గురించి రెండు మాటలు చెప్పాలి. మడతలు పెళుసెక్కి ఉంటాయి కనుక, విప్పగానే ఇస్త్రీ పెట్టె కోసం వెతకకూడదు. శుభ్రమైన తెల్ల గుడ్డ మీద పరచి, పైన మరో గుడ్డ కప్పి, బరువైన పుస్తకం ఒక రాత్రి ఉంచితే చాలు. అంటుకునే ప్లాస్టిక్ టేపు వేయవద్దు, లామినేషన్ అసలే చేయించవద్దు. లామినేషన్ చేసిన కాగితాన్ని వెనక్కి తీసుకురావడం సాధ్యం కాదు, సిరా, ముద్ర, కాగితపు నీటిగుర్తు పరీక్షించవలసి వచ్చినప్పుడు అది అడ్డుపడుతుంది. ప్రతి కాగితానికీ పెన్సిలుతో మూలన ఒక అంకె వేసి, ముందువైపూ వెనుకవైపూ ఫోటో తీసుకోవాలి. ఖాళీగా ఉన్నట్టు కనిపించే వెనుకవైపును కూడా తీయాలి. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

తర్వాత కాగితాలను తేదీల వారీగా పేర్చుకోవాలి. మన ప్రాంతంలో ఈ పని చేసేవారు ఒక చారిత్రక విషయం గుర్తు పెట్టుకోవాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రంగా ఏర్పడేవరకు గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. నేడు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, చికాకోలు (నేటి శ్రీకాకుళం) అన్నీ ఆనాడు గంజాం జిల్లావే. అందుచేత 1936కు ముందు బరంపురంలో తెలుగువారు రాయించుకున్న దస్తావేజులు తెలుగులో ఉంటాయి, రిజిస్ట్రేషను వివరాలు మద్రాసు పద్ధతిలో ఉంటాయి, స్థలం కొలతలు గజాల్లో, అడుగుల్లో, ఎకరాలు సెంట్లలో ఉంటాయి. ఆ తర్వాతి రెవెన్యూ కాగితాలు ఒడియాలో, మౌజా (రెవెన్యూ గ్రామం), ఖతియాన్ (హక్కుదారు ఖాతా), ప్లాట్ నంబర్లతో, ఎకరాలు డెసిమల్ లెక్కలో ఉంటాయి. సెంటు, డెసిమల్ రెండూ ఎకరంలో నూరోవంతే కాబట్టి కొలత మారినట్టు కనిపించినా గాభరా పడనక్కరలేదు.

తేదీ స్పష్టంగా ఇంగ్లీషు నెలతో ఉంటే ఇబ్బంది లేదు. లేనప్పుడు రెండు లెక్కలు తెలిసి ఉండాలి. ఫసలీ (రెవెన్యూ లెక్కల) సంవత్సరానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1345 అంటే 1935 జూలై నుంచి 1936 జూన్ వరకు. తెలుగు సంవత్సరం పేరు మాత్రమే రాసి ఉంటే అది అరవై ఏళ్లకు ఒకసారి తిరిగి వస్తుందని మరవరాదు. శ్రీముఖ సంవత్సరం అంటే 1873-74 కావచ్చు, 1933-34 కావచ్చు. అప్పుడు స్టాంపు కాగితం మీది బొమ్మ చూడాలి. విక్టోరియా రాణి ఉంటే మొదటిది, అయిదవ జార్జి ఉంటే రెండవది. జమీందారీ కచేరీ నుంచి వచ్చిన ఒడియా కాగితాలలో అంకం సంవత్సరం (రాజు పాలన ఏళ్ల లెక్క) కనిపిస్తే అది మరో చిక్కు. ఆ లెక్కలో 1, 6, 16, 20 వంటి అంకెలను వదిలేసి లెక్కిస్తారు కాబట్టి, నేరుగా కూడికా తీసివేతా చేస్తే తప్పు వస్తుంది. ఒడియా పంచాంగం చూసే పెద్దవారి చేత చెప్పించుకోవడం మేలు.

స్టాంపు కాగితం మరొక సాక్ష్యం కూడా చెబుతుంది. దాని మీద అమ్మినవాడు వేసిన వరుస సంఖ్య, అమ్మిన తేదీ, ఎవరికి అమ్మాడో ఆ పేరు ఉంటాయి. దస్తావేజు తేదీ కంటే స్టాంపు అమ్మిన తేదీ తర్వాతిదై ఉంటే, అంటే కాగితం కొనకముందే దాని మీద రాసినట్టు తేలితే, ఆ దస్తావేజును పక్కన పెట్టి వకీలుకు చూపించాలి.

సొమ్ము అంకెలను చదవడం కూడా నేటి పిల్లలకు కొత్తే. 36-9-6 అంటే ముప్పై ఆరు రూపాయల తొమ్మిది అణాల ఆరు పైలు. అణాకు 12 పైలు, రూపాయికి 16 అణాలు. 1957 ఏప్రిల్ 1 నుంచి నూరు నయా పైసల లెక్క వచ్చింది. ఇంకా పాత కాగితాలలో అంకె పక్కన నిలువు గీతలు, అడ్డ గీతలు ఉంటాయి. నిలువు గీత ఒకటి పావు రూపాయి, అంటే నాలుగణాలు. అడ్డ గీత ఒకటి అణా. రెండు నిలువు గీతలు, ఒక అడ్డ గీత ఉంటే తొమ్మిది అణాలన్నమాట. వడ్డీని సాధారణంగా నెలకు నూటికి ఇంత అని రాసేవారు. నూటికి నెలకు పన్నెండు అణాలు అంటే ఏడాదికి తొమ్మిది రూపాయలు. నాలుగు వందల అసలుకు మూడేళ్లకు నూట ఎనిమిది రూపాయల వడ్డీ అవుతుంది. ఈ లెక్క ఒకసారి వేసి చూసుకుంటే, తర్వాతి కాగితంలో కొత్త అప్పుగా కనిపించే ఐదు వందల ఎనిమిది రూపాయలు నిజానికి పాత అప్పుకే తిరగరాత అని బయటపడుతుంది. ఇటువంటి తిరగరాతలు నేను చూసిన ప్రతి కట్టలోనూ ఉన్నాయి.

ఇక దస్తావేజు లోపలి భాగం. ఎవరు ఎవరికి రాసి ఇచ్చారు, తండ్రి పేరు, కాపురం, జీవనం, ముట్టిన రొక్కం, ఆ రొక్కం ఎందుకు కావలసి వచ్చింది, చెక్కుబందీ (నాలుగు వైపుల హద్దులు), చివర చేవ్రాలు లేదా నిశానీ (సంతకం రానివారు పెట్టే గుర్తు), సాక్షులు, రాసినవాని దస్తూరి: ఈ వరుసలోనే దాదాపు అన్నీ ఉంటాయి. 'నిధి నిక్షేప జల పాషాణ అక్షిణ్యాగామి సిద్ధ సాధ్యములనే అష్టభోగములతో', 'పుత్రపౌత్ర పారంపర్యముగా', 'దాన విక్రయ వినిమయాది సర్వాధికారములతో' అన్న పంక్తులు చదివి పులకించనవసరం లేదు. అవి ప్రతి క్రయ దస్తావేజులోనూ ఉండే మాటలే. అవి తనఖా కాగితంలో లేకపోవడం, క్రయ దస్తావేజులో ఉండడం మాత్రం గమనించదగినది. రొక్కం ఎందుకు తీసుకున్నారన్న వాక్యాన్ని మాత్రం రెండు మార్లు చదవండి. ఉమ్మడి కుటుంబపు ఆస్తిని ఇంటి పెద్ద తాకట్టు పెట్టినప్పుడు అది కుటుంబ అవసరానికేనా అన్న వివాదం తర్వాతి తరంలో రావచ్చు కనుక, 'లోగడ ఫలానా వారికి ఉన్న కుటుంబ ఋణము తీర్చుట నిమిత్తం' అని రాయించేవారు. ఆ 'ఫలానా వారి' పేరే మీరు వెతకవలసిన వెనుకటి తనఖాకు దారి చూపుతుంది.

ఏ రకం తనఖా అన్నది కాగితం పేరును బట్టి కాక, అంగడి ఎవరి చేతిలో ఉన్నదన్నదాన్ని బట్టి తేల్చుకోవాలి. అంగడి మనవారి వశంలోనే ఉండి, బాకీ తీర్చకపోతే కోర్టు ద్వారా అమ్మించుకోవచ్చునని రాసి ఉంటే అది సాదా తనఖా. అంగడిని అప్పిచ్చినవారికి అప్పగించి, దాని అద్దెను వడ్డీ కింద అనుభవించమని రాసి ఉంటే అది స్వాధీన తనఖా, జనం మాటలో భోగ్యం. ఇంత వాయిదాలోగా సొమ్ము ఇస్తే తిరిగి రాసివ్వాలి, లేకపోతే క్రయం ఖాయం అన్నది ముద్దతు క్రయం. ఇందులో తిరిగి రాసిచ్చే షరతు అదే కాగితంలో ఉండాలని ఆస్తి బదలాయింపు చట్టానికి 1929లో చేసిన సవరణ స్పష్టం చేసింది. ఆ తర్వాతి కాలంలో షరతు విడి కాగితంలో ఉంటే దాన్ని తనఖా అనిపించుకోవడం కుదరదు. నూరు రూపాయలకు తక్కువ అసలు ఉన్న భోగ్యాలను, 1882 ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం, కాగితం లేకుండానే స్వాధీనం ఇచ్చి జరుపుకోవచ్చు. కనుక ఇంట్లో పెద్దవాళ్లు 'ఆ మూల గది కొన్నాళ్లు వాళ్ల దగ్గర ఉండేది' అంటే, కాగితం లేదు కాబట్టి అబద్ధమని కొట్టివేయకూడదు.

ఇప్పుడు కాగితం వెనుకవైపుకు వద్దాం. అక్కడ రెండు రకాల రాతలు ఉంటాయి. మొదటిది రిజిస్ట్రారు రాసింది: ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎవరు దాఖలు చేశారు, రాసిచ్చినట్టు ఎవరు ఒప్పుకున్నారు, ఎడమ బొటనవేలి ముద్ర, ఎవరు గుర్తు పట్టారు, ఆపైన '1 పుస్తకం, ఫలానా వాల్యూము, ఫలానా పుటలు, ఫలానా సంవత్సరపు ఫలానా నెంబరు' అన్న చివరి పంక్తి, ముద్ర. ఈ చివరి పంక్తి చేతిలో ఉంటే, కాగితం చిరిగినా, పోయినా, కార్యాలయం నుంచి నకలు తెచ్చుకోవచ్చు కనుక దాన్ని వేరే నోటు పుస్తకంలో ఎక్కించుకోవాలి.

రెండవది అప్పిచ్చినవారు రాసింది. 'అసలుకు చెల్లు 40-0-0', 'ఫాయిదాకు చెల్లు 18-0-0' అంటూ (చెల్లు అంటే జమ, ఫాయిదా అంటే వడ్డీ) తేదీలతో చిన్న చిన్న పంక్తులు, చిట్టచివర 'అసలు ఫాయిదాలు పూరాగా ముట్టినవి' అని చేవ్రాలు. ఈ పంక్తుల విలువ చాలామందికి తెలియదు. తనఖా సొమ్ము ముట్టినట్టు తనఖా దస్తావేజు మీదనే వేసే చెల్లును రిజిస్టరు చేయించనక్కరలేదని 1908 రిజిస్ట్రేషను చట్టం 17వ సెక్షనే చెబుతుంది. కాబట్టి మనవారు నాలుగణాలు ఆదా చేసుకుని వెనుకవైపునే రాయించుకుని ఊరుకున్నారు. దాని ఫలితం నేడు మనం అనుభవిస్తున్నాం. తనఖా పుట్టిన సంగతి రిజిస్టరులో ఉంటుంది. అది తీరిన సంగతి మన ఇంటి మూటలో తప్ప మరెక్కడా ఉండదు. ఋణభార ధ్రువపత్రం, అంటే ఈసీ, తెచ్చుకుంటే అందులో తొంభై ఏళ్ల నాటి తనఖా ఇంకా సజీవంగా ఉన్నట్టే కనిపిస్తుంది.

మా అంగడి విషయంలో ఇదే జరిగింది. 1931 నాటి సాదా తనఖా ఒకటి ఈసీలో కనిపించింది. అసలు దస్తావేజు మా మూటలోనే ఉన్నా దాని మీద చెల్లు లేదు. ఏడాది పాటు అప్పిచ్చినవారి వారసుల కోసం ఊరూరా వాకబు చేశాను. చివరికి ఒక రోజు మధ్యాహ్నం ఆ కాగితాన్ని వీధి కిటికీ దగ్గర పట్టుకుని చదువుతుండగా, అక్షరాల వెనుక మరేవో నీడలు కదిలినట్టనిపించింది. మా పెదనాన్నగారు ఎప్పుడో, చిరిగిపోతుందన్న జాగ్రత్తతో, ఆ దస్తావేజును మైదా పిండి జిగురుతో మందపాటి కాగితానికి అతికించారు. వెనుకవైపు మొత్తం మూసుకుపోయింది. ఎండకు ఎదురుగా పట్టి ఫోటో తీసి, ఫోనులో కుడిఎడమలు తిప్పి చూస్తే, గొలుసుకట్టు రాతలో 'ఫాయిదాలు పూరాగా' అన్నంతవరకు స్పష్టంగా, కింద చేవ్రాలు సగం కనిపించాయి. జిగురును మేము ఊడదీయలేదు. ఆ పని పాత కాగితాల మరమ్మతు తెలిసినవారి చేత చేయించాం. పెదనాన్నగారు చేసిన తప్పు చిన్నదే, పైగా ప్రేమతో చేసింది, కానీ ఆ ఏడాది తిరుగుడు ఖర్చు మాత్రం నాది.

ఆ ఏడాదిలో నేను గ్రహించవలసిన మరొక సంగతి ఉంది. బాకీ తీరిన తర్వాత తనఖా దస్తావేజును అప్పు తీసుకున్నవారికి తిరిగి ఇచ్చివేయాలని ఆస్తి బదలాయింపు చట్టం 60వ సెక్షను చెబుతుంది. బాకీ ఉన్నంతకాలం ఆ కాగితం అప్పిచ్చినవాని ఇనప్పెట్టెలో ఉంటుంది. అందుచేత మన తాత రాసిచ్చిన తనఖా దస్తావేజు అసలు ప్రతి మన మూటలో ఉందంటే, తీరిందనడానికి అదే ఒక గట్టి సూచన. దానికి విరుద్ధంగా, మనం కొన్న క్రయ దస్తావేజు అసలు ప్రతి మన దగ్గర లేకపోతే, అది ఎవరి దగ్గరో కుదువ ఉండిపోయిందేమోనని అనుమానించాలి. దస్తావేజులు అప్పగించి చేసే తాకట్టుకు రాత అవసరం లేదు, కాబట్టి రిజిస్ట్రారు కార్యాలయపు ఒకటవ పుస్తకంలో జాడ ఉండకపోవచ్చు. పాత చట్టంలో అది మద్రాసు, కలకత్తా, బొంబాయి వంటి పేర్కొన్న నగరాలలోనే చెల్లేది, కానీ తాకట్టయిన ఆస్తి ఆ నగరంలోనే ఉండాలన్న నియమం లేదు. బరంపురం వర్తకుడు మద్రాసు షావుకారు దగ్గర బరంపురం అంగడి కాగితాలు పెట్టడం సాధ్యమే.

మూటలో దొరకనివాటి కోసం రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్లాలి. స్థిరాస్తుల దస్తావేజులు ఒకటవ పుస్తకంలో ఉంటాయి. ఆ పుస్తకాన్ని, దాని సూచికలను రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చు, నకలు అడగవచ్చు. రిజిస్ట్రేషను చట్టం 57వ సెక్షను ఆ హక్కు ఇచ్చింది. మూడవ పుస్తకం వీలునామాలది, దానికి వేరే నిబంధనలున్నాయి. బరంపురంలో లేని పాత వాల్యూముల గురించి జిల్లా కేంద్రమైన ఛత్రపురంలో అడగాలి. సూచికలు రెండు: మొదటిది పేర్లది, రెండవది ఆస్తులది. పేర్ల సూచికలో మన తెలుగువారికి ఒక ప్రత్యేకమైన తిప్పలు ఉంది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, ఒడియావారికి చివర వస్తుంది. ఒకే మనిషి ఒక ఏడాది ఇంటిపేరు అక్షరం కింద, మరో ఏడాది సొంత పేరు అక్షరం కింద, ఇంకో ఏడాది పేరు చివర 'శెట్టి' చేర్చి ఉంటాడు. 'వెంకట' అన్నది ఇంగ్లీషు సూచికలో ఎన్ని వర్ణక్రమాలతో ఉంటుందో లెక్క లేదు. కనుక ఒక్కొక్క పేరుకు నాలుగైదు రూపాలు ముందే రాసుకుని వెళ్లాలి. పాత తెలుగు గొలుసుకట్టు చదవగలిగినవారు నేడు ఆ కార్యాలయాల్లో అరుదు కాబట్టి, చదవగలిగిన పెద్దవారిని వెంట తీసుకువెళ్లడం మంచిది.

అక్కడ రెండు చోట్ల చాలామంది పొరపడతారు. తనఖాలో అంగడితో పాటు ఇచ్ఛాపురం దగ్గరి పొలం కూడా చేర్చి ఉంటే, దస్తావేజు ఇచ్ఛాపురంలోనే రిజిస్టరు అయి ఉండవచ్చు. అటువంటప్పుడు అంగడి ఉన్న ఊరి కార్యాలయానికి ఒక మెమొరాండం (సమాచార పత్రం) మాత్రమే వస్తుంది, అది ఒకటవ పుస్తకంలో చేరుతుంది. 1936 తర్వాత ఆ రెండు ఊళ్లు రెండు రాష్ట్రాల పాలయ్యాయి కాబట్టి, మెమొరాండం దొరికితే సరిహద్దు దాటి అసలు దస్తావేజు నకలు తెచ్చుకోవాలి. రెండవది కోర్టు వేలం. తనఖా దావాలో డిక్రీ అయి అంగడి వేలానికి వచ్చి, మన పూర్వీకులే పాడుకుని ఉంటే, కోర్టు ఇచ్చిన అమ్మకపు సర్టిఫికెట్టు ప్రతి కూడా ఆ పుస్తకంలోనే ఉంటుంది. దానికి మామూలు దస్తావేజులాగా సాక్షులు, బొటనవేలి ముద్రలు ఉండవు. ఆ దావా అప్పీలుకు వెళ్లి ఉంటే, 1936కు ముందువి మద్రాసు హైకోర్టులో, ఆ తర్వాతవి పట్నా హైకోర్టులో, 1948 జూలై 26న కటకంలో ఒరిస్సా హైకోర్టు ఏర్పడిన తర్వాతవి అక్కడ వెతకాలి.

చెక్కుబందీ విషయం ఓపికగా చూడవలసినది. పల్లె పొలానికి సర్వే నంబరు ఉంటుంది, ఊళ్లో అంగడికి హద్దులే ప్రాణం. మునిసిపల్ తలుపు నంబర్లు, వార్డులు, నేటి హోల్డింగ్ నంబర్లు పలుమార్లు మారాయి. 'తూర్పు రాజబాట, దక్షిణం ఫలానా వారి ఉమ్మడి గోడ, పడమర ఫలానా వారి పెరటి నుయ్యి, ఉత్తరం వాన నీరు పోవు సందు' అన్న నాలుగు మాటలను వరుసగా ప్రతి దస్తావేజులోంచి ఎత్తి ఒక పట్టికలో రాయాలి. రాజబాట మారదు. పొరుగువారి పేరు మారినప్పుడల్లా ఆ పొరుగు అంగడి చేతులు మారిందని అర్థం. ఏదో ఒక దస్తావేజులో 'ఉమ్మడి గోడ' అన్న మాట పోయి 'మా గోడ' అని ఉంటే, అక్కడే తర్వాతి తగవు పుట్టింది. వీధి అరుగు విక్రయంలో చేరిందా, మునిసిపాలిటీ స్థలం మీద ఉన్నదా అన్నది కూడా ఇక్కడే తేలుతుంది. బడా బజారు వంటి ఇరుకు వీధుల్లో మూడడుగుల అరుగు కోసం అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్లు నాకు తెలుసు. మన దస్తావేజు పోయినప్పుడు పొరుగువారి దస్తావేజు ఆదుకుంటుంది. వారి హద్దులలో మన తాత పేరు ఉంటుంది, దాని తేదీ మన స్వాధీనానికి సాక్ష్యం. ఆస్తుల సూచికలో వీధి పేరు పట్టుకుని పొరుగు అంగడి దస్తావేజుల నకళ్లు కూడా తీసుకోండి.

ఇన్ని చేసినా ఏదో ఒక తనఖాకు చెల్లు దొరకకపోవచ్చు. సాదా తనఖా అయితే అప్పిచ్చినవారు సొమ్ము కోసం దావా వేయడానికి, బాకీ చెల్లించవలసిన నాటి నుంచి పన్నెండేళ్లే గడువు. 1930ల నాటి దానితో భయపడవలసింది పెద్దగా లేదు, కానీ బ్యాంకువారు వారసుల విడుదల దస్తావేజు అడగవచ్చు. భోగ్యం అయితే సంగతి వేరు. విడిపించుకునే దావాకు 1908 కాలపరిమితి చట్టం అరవై ఏళ్లు ఇచ్చింది, 1963 చట్టం దాన్ని ముప్పైకి తగ్గించింది. అయితే స్వాధీన తనఖాలో కేవలం తనఖా తేదీ నుంచి ముప్పై ఏళ్లు గడిచినంత మాత్రాన విడిపించుకునే హక్కు పోదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. మన తాత భోగ్యానికి ఇచ్చిన గది ఇప్పటికీ ఎదుటివారి వశంలో ఉంటే ఇది మనకు అనుకూలం. మన తాత భోగ్యానికి పుచ్చుకున్న గదిలో మనం ఉంటే ప్రతికూలం. మన కట్టలో ఈ రెండవ రకం కాగితం కనిపించినప్పుడు దాన్ని మళ్లీ మూటలో దోపేయాలన్న బుద్ధి పుడుతుంది, నాకూ పుట్టింది. అది కూడా ఒకటవ పుస్తకంలో ఉన్నదేనని గుర్తు చేసుకుని వకీలుకు చూపించాను.

ముప్పై ఏళ్లు దాటిన దస్తావేజు సరైన చోటి నుంచి బయటికి వస్తే దాని చేవ్రాళ్లు, రాత నిజమైనవేనని కోర్టు భావించవచ్చు. 1872 సాక్ష్య చట్టం 90వ సెక్షనులో ఉన్న ఈ నియమం 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 92వ సెక్షనుగా కొనసాగుతోంది. అందుకని కట్ట ఎవరి ఇంట్లో, ఏ పెట్టెలో, ఎవరి తర్వాత ఎవరి చేతికి వచ్చిందో ఒక కాగితం మీద రాసి, ఇంట్లో పెద్దవాళ్ల చేత చేవ్రాలు పెట్టించి, మూట పైనే ఉంచాలి. దానికి తోడుగా కుటుంబంలోని ప్రతి పేరు తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో ఏ దస్తావేజులో ఎలా ఉందో చూపే పట్టిక ఒకటి చేసుకుంటే, తహసీలు కార్యాలయంలో ఖతియాన్ మీది పేరు, మన క్రయ దస్తావేజు మీది పేరు ఒకే మనిషివని చెప్పవలసి వచ్చినప్పుడు మళ్లీ మూట విప్పే పని ఉండదు.